చేతికీ నాణేనికీ మధ్య: తెలుగు నేల సీసపు నాణేల సంరక్షణ చరిత్ర

ప్రదర్శనశాలల్లో పాత నాణేలను పరిశీలించే పండితులకూ, ఇళ్ళలో వాటిని పోగుచేసుకొనే అభిరుచిపరులకూ నేడు అందరూ చెప్పే మొదటి జాగ్రత్త ఒక్కటే: నాణెపు ముఖాన్ని వేలితో తాకరాదు, అంచులను మాత్రమే పట్టుకోవాలి. చెమటలోని ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, చర్మపు జిడ్డు లోహం మీద చేరితే, రాగి నాణెం మీద కొద్ది రోజుల్లోనే వేలిముద్ర మచ్చగా తేలుతుంది. అలా పడిన మచ్చను లోహపు పైపొరను కొంతైనా పోగొట్టుకోకుండా తొలగించడం సాధారణంగా సాధ్యం కాదు. కారణం సరైనదే. అయితే ఈ నియమం నాణెమంత పాతది కాదు. నాణెం డబ్బుగా చెల్లినంత కాలమూ దాని మంచిచెడ్డలను తేల్చింది చెయ్యే. ఆ చేతిని దూరంగా ఉంచాలన్న ఆలోచన, నాణెం చెల్లుబాటు కోల్పోయి చదవవలసిన లిఖితంగా మారిన తరువాత వచ్చింది. తెలుగు నేల మీద శాతవాహనులు విరివిగా చెలామణీ చేసిన సీసపు నాణేల విషయంలో ఈ చరిత్ర మరో మలుపు తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ చేతి నుండి నాణేన్ని కాపాడుకోవడంతో పని తీరదు, నాణెం నుండి చేతినీ కాపాడుకోవాలి.

నాణేలు పరీక్షించే వృత్తి ఒంటికి చేసే చేటు గురించిన పాత ప్రస్తావన ఒకటి పాళీ వినయపిటకంలోని మహావగ్గంలో ఉంది. రాజగృహంలో ఉపాలి అనే బాలుని తల్లిదండ్రులు తమ తదనంతరం కొడుకు సుఖంగా బతకడానికి ఏ విద్య నేర్పించాలా అని ఆలోచిస్తూ, రాత నేర్పితే వేళ్ళు నొప్పి పెడతాయనీ, లెక్కలు నేర్పితే రొమ్ము నొప్పి వస్తుందనీ, నాణేల పరీక్ష నేర్పితే కళ్ళు చెడతాయనీ ఒక్కొక్క వృత్తినీ తోసివేసి, చివరికి భిక్షువు కావడమే మేలని తేలుస్తారు. నాణేల విద్య నేర్చేవాడు కార్షాపణాలను, అంటే ఆ కాలపు ప్రధాన నాణేలను, లెక్కకు మించి తిరగేసి తిరగేసి చూడవలసి వస్తుందని క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందిన వ్యాఖ్యాత బుద్ధఘోషుడు దీనికి వివరణ ఇచ్చాడు. ఆయనే విశుద్ధిమగ్గంలో మనసు తెలుసుకొనే మూడు అంచెలను వివరించడానికి ఒక నాణేల రాశిని ఉదాహరణగా తీసుకొన్నాడు. పసివాడికి ఆ రాశిలో గుండ్రటి, రంగురంగుల బిళ్ళలు మాత్రమే కనిపిస్తాయి. పల్లెటూరివాడికి అవి వస్తువులు కొనడానికి పనికివస్తాయని తెలుసు. నాణేల వర్తకుడు మాత్రం చూపుతో, కొట్టినప్పుడు వచ్చే చప్పుడుతో, వాసనతో, రుచితో, చేతిలో తూచి చూసిన బరువుతో ఏది మంచిదో ఏది కల్తీదో చెప్పడమే కాక, ఏ ఊరిలో ఏ పనివాడు చేసినదో కూడా చెప్పగలుగుతాడు. ఉదాహరణ తాత్త్విక చర్చ కోసం వచ్చినదే అయినా, ఆనాటి వృత్తి పద్ధతికి ఇంతకంటె స్పష్టమైన వర్ణన దొరకడం కష్టం. అయిదు ఇంద్రియాలూ అక్కడ పనిముట్లే; నాలుకతో సహా.

వర్తకుని చేయి తాకి ఊరుకొనేది కాదు, గాయపరిచేది కూడా. వెండి పలకలను ముక్కలుగా కత్తిరించి, వాటి మీద సూర్యుడు, కొండ, చెట్టు వంటి గుర్తులను విడివిడి అచ్చులతో కొట్టి తయారుచేసిన విద్ధాంక నాణేలు ఉపఖండంలో అత్యంత ప్రాచీనమైనవి. వీటిలో చాలావాటి మీద అధికారిక గుర్తులతో పాటు అక్కడక్కడ పడిన చిన్న చిన్న గుర్తులు, నాణెం చేతులు మారినప్పుడల్లా పరీక్షకులు కొట్టినవని పలువురు పండితుల అభిప్రాయం. కౌటిల్యుని అర్థశాస్త్రం టంకశాల అధికారి అయిన లక్షణాధ్యక్షునితో పాటు, చెలామణీలో ఉన్న నాణేలను పరీక్షించే రూపదర్శకుణ్ణి కూడా వేరుగా పేర్కొనడం ఈ పనికి ఉన్న ప్రాముఖ్యానికి నిదర్శనం. వర్తకంలో దక్షిణాదికి చేరిన రోమన్ బంగారు నాణేల పరిస్థితి ఇంకా దారుణం. 1898లో తమిళ దేశంలోని పుదుక్కోట సంస్థానంలో దొరికిన 501 బంగారు నాణేలలో అత్యధిక భాగం మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టి ఉంది. అది లోపలి లోహాన్ని పరీక్షించడానికా, ఆ నాణేన్ని చెలామణీ నుండి తప్పించడానికా అన్న చర్చ ఇంకా తెగలేదు గాని, గాటు పెట్టినవాడికి చక్రవర్తి ముఖం మీద ఏ మాత్రం మమకారం లేదన్నది స్పష్టం. తరువాతి కాలపు షరాబులు రూపాయిని రాతి మీద మోగించి చప్పుడు విన్నా, అంచున తమ గుర్తు కొట్టినా, బంగారాన్ని గీటురాయి మీద గీసినా చేసినది అదే పని.

చేతిని నాణేనికి దూరంగా ఉంచే పనిముట్లు అసలే లేకపోలేదు. కాని వాటి ఉద్దేశం వేరు. తిరువాన్కూరు సంస్థానంలో చక్రం అనే పప్పుబద్దంత వెండి నాణేలను లెక్కించడానికి చక్రపు పలక అనే సాధనం వాడేవారు. వరుసలుగా చిన్న గుంటలు తొలిచిన చెక్క పలక మీద గుప్పెడు నాణేలు పోసి అటూ ఇటూ ఊపితే గుంటకొక నాణెం కూర్చుంటుంది, మిగిలినవి కిందికి జారిపోతాయి, గుంటల సంఖ్య తెలుసు కాబట్టి లెక్క దానంతటదే తేలుతుంది. వేళ్ళకు అందనంత చిన్న నాణేలను లెక్కపెట్టే శ్రమను లెక్కరాసేవాడికి తప్పించడానికి పుట్టిన ఉపాయమిది. నాణెపు పైపొర మీద ఎవరికీ బెంగ లేదు. పూజామందిరంలో అయితే తాకడమే పరమార్థం. తెలుగు ఇళ్ళలో పూజాపెట్టెల్లో తరతరాలుగా ఉంటూ వచ్చిన రామటంకాలు, అంటే సీతారాముల పట్టాభిషేక దృశ్యం ముద్రించిన, డబ్బుగా చెల్లని పవిత్ర బిళ్ళలు, పాలతో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, కళ్ళకద్దుకొన్న కొద్దీ అరిగిపోయి, కొన్నిటి మీద రాముని రూపు నీడలా మాత్రమే మిగిలింది. చరిత్రకారుడికి అది నష్టం. ఆ ఇంటివారికి మాత్రం ఆ అరుగుదలే భక్తికి లెక్క.

శాతవాహనుల సీసపు నాణేలు ఈ పరీక్షలకు లొంగవు. క్రీస్తుకు కాస్త ముందూ వెనుకా కొన్ని శతాబ్దాల పాటు దక్కనులోనూ కృష్ణా గోదావరి తీరాల్లోనూ చెల్లిన ఈ నాణేలలో వెండివి తక్కువ. సీసం, రాగి, పోటిన్ ఎక్కువ. పోటిన్ అంటే రాగిలో తగరం, సీసం కలిపి పోతపోసిన మిశ్రమ లోహం. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట, మెతుకుసీమ, అంటే మెదక్ ప్రాంతంలోని కొండాపురం వంటి చోట్ల ఇవి సమృద్ధిగా దొరికాయి. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుని పేరున్న నాణేలు కోటిలింగాలలో బయటపడిన తరువాతనే ఆ వంశపు తొలి దశ గురించిన చర్చ తెలంగాణ వైపు మళ్ళింది. ఇటువంటి సీసపు నాణేన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే ఒక వైపు తొండమెత్తిన ఏనుగు, దాని చుట్టూ అంచు వెంబడి బ్రాహ్మీ లిపిలో రాజు పేరు, రెండో వైపు ఒక కూడలికి నాలుగు కొసలా నాలుగు వలయాలు అమర్చినట్టుండే ఉజ్జయిని చిహ్నం కనిపిస్తాయి. బిళ్ళ కన్నా అచ్చు పెద్దదిగా ఉండడం వల్ల పేరులో సగం అక్షరాలు నాణెం మీద పడకుండానే పోయిన సందర్భాలు కోకొల్లలు. వెండిలా ఇది మోగదు, రాతి మీద పడేస్తే మట్టిపెంకులా చప్పుడవుతుంది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో గోరు విలువ దాదాపు 2.5 అయితే సీసానిది 1.5 మాత్రమే, అంటే ఈ నాణేన్ని గోటితో గీరవచ్చు. రెండు వేల ఏళ్ళు మట్టిలో నిలిచిన అక్షరాన్ని చెరపడానికి, మట్టి వదిలిందా లేదా అని ఒకసారి గోటితో గీకి చూస్తే చాలు.

అంచులు పట్టుకోవాలన్న నియమంలోని లోటు కూడా ఇక్కడే బయటపడుతుంది. ఆ నియమం యంత్రంతో కొట్టిన నాణేన్ని దృష్టిలో పెట్టుకొని పుట్టినది. ఆ నాణేనికి చుట్టూ ఎత్తైన గట్టు ఉంటుంది, బొమ్మా రాతా ఆ గట్టు లోపల భద్రంగా ఉంటాయి. సీసపు శాతవాహన నాణేనికి గట్టు లేదు, అంచు తిన్నగా ఉండదు, చదవవలసిన పేరు సరిగ్గా ఆ అంచు మీదే ఉంటుంది. అందుచేత ఇటువంటి నాణేన్ని వేళ్ళతో ఎత్తడం కంటె మెత్తని పలకతో సహా కదిలించడమే నిజమైన జాగ్రత్త.

నాణెం లిఖితంగా మారడం తెలుగు నేల మీద ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీతో మొదలయిందనవచ్చు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో ఆయన ఊరూరా గ్రామ చరిత్రలైన కైఫియత్తులు, శాసనాలు, విగ్రహాలతో పాటు నాణేలు కూడా సేకరింపజేశాడు. 1821లో ఆయన మరణించిన తరువాత హెచ్. హెచ్. విల్సన్ తయారుచేసిన వివరణాత్మక పట్టికలో నాణేల సంఖ్య 6,218గా నమోదైంది. ఆ తరువాతి తరంలో వాల్టర్ ఇలియట్ ముఖ్యుడు. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసి, అమరావతి స్తూపాన్ని తవ్వించిన ఈ అధికారి దక్షిణ దేశపు నాణేల మీద ముప్పయి ఏళ్ళకు పైగా శ్రమించి, 1886లో వెలువడిన తన గ్రంథాన్ని పూర్తిచేసే నాటికి చూపు దాదాపు పూర్తిగా కోల్పోయాడు. ఉపాలి తల్లిదండ్రుల భయం ఇలా నిజమైందనడం చమత్కారమే గాని చరిత్ర కాదు. ఆయన అంధత్వానికి నాణేలు కారణమన్న ఆధారం ఏదీ లేదు. ఆయన సేకరణ బ్రిటిష్ మ్యూజియంకు చేరగా, ఇ. జె. రాప్సన్ 1908లో ప్రచురించిన ఆంధ్ర రాజుల నాణేల పట్టిక అక్కడి నాణేల ఆధారంగానే రూపొందింది. రాప్సన్‌కు కావలసినది లోహపు విలువ కాదు, అక్షరం. ఒక అక్షరం అరిగిపోతే ఒక రాజు పేరు మారిపోతుంది, ఆ పేరుతో వంశక్రమమూ మారవచ్చు. చేతికి తొలిసారిగా బిగించిన కళ్ళెం ఈ అవసరమే.

దొరికినచోట మాత్రం పాత అలవాట్లే కొనసాగాయి. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో లంకెబిందెలు బయటపడితే, అవి నిజంగా బంగారమా కాదా అని తేల్చుకోవడం కోసం చింతపండూ బూడిదా వేసి తోమడం ఇత్తడి చెంబును తోమినంత సహజంగా జరిగిపోయే పని. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం, పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని నిర్దేశించింది. కాని తోమవద్దని చెప్పడం ఏ చట్టానికీ తోచలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి నాణెం మీది చిలుమును, దాని కింద లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే ఎర్రటి ఆక్సైడ్ పొరను కలిపి కరిగిస్తుంది. శతాబ్దాల మీద లోహం పైకి వచ్చి చేరిన ఆ పొరల్లోనే, లోపలి లోహం తినివేయబడిన చోట్ల, అక్షరపు రూపురేఖలు నిలిచి ఉంటాయన్న సంగతి తోమేవాడికి తెలిసే అవకాశం లేదు. మిలమిలలాడే రాగిబిళ్ళ చేతికి వస్తుంది, రాజు పేరు బూడిదనీళ్ళలో కొట్టుకుపోతుంది. బంగారం ఒక్కటే ఈ చికిత్సకు చెక్కుచెదరదు. వరహాలు నేటికీ కొత్తవాటిలా కనిపించడానికి కారణం దాచినవారి శ్రద్ధ కాదు, లోహపు గుణం.

ఈ పరిస్థితిని మార్చింది రసాయన శాస్త్రజ్ఞులు. 1888లో బెర్లిన్ రాజ మ్యూజియంలలో ప్రయోగశాలకు అధిపతిగా నియమితుడైన ఫ్రెడరిక్ రాత్‌గెన్ 1898లో పురావస్తువుల సంరక్షణ మీద ఒక కరదీపిక ప్రచురించాడు. దాదాపు అదే కాలంలో ఫ్రెంచి రసాయనవేత్త మార్సెలిన్ బెర్తెలో, కంచు వస్తువుల మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా పుట్టి లోహాన్ని తొలిచివేసే జబ్బును పరిశీలించి, అది ఒక చక్రంలా తిరిగే చర్య అని వివరించాడు. రాగి క్లోరైడ్‌కు తేమా గాలీ తగిలితే ఆకుపచ్చ పొడి ఏర్పడుతుంది. ఆ క్రమంలో ఆమ్లం విడుదలవుతుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని కరిగించి మళ్ళీ క్లోరైడ్ చేస్తుంది. చెమటలోని ఉప్పు కూడా క్లోరైడే కాబట్టి, వేలిముద్రను మచ్చగానే కాక బీజంగా కూడా చూడవలసి ఉంటుందని దీనితో తేలింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లండన్ భూగర్భ సొరంగాల్లో దాచిన బ్రిటిష్ మ్యూజియం వస్తువులు తుప్పుపట్టి తిరిగి రావడంతో, అలెగ్జాండర్ స్కాట్ ఆధ్వర్యంలో అక్కడా ప్రయోగశాల ఏర్పడింది. భారతదేశం ఈ విషయంలో మరీ వెనకబడి లేదు. పురావస్తు శాఖలో రసాయన విభాగం 1917లో మొహమ్మద్ సనావుల్లాతో కలకత్తాలో మొదలై, కొద్ది సంవత్సరాల్లో డెహ్రాడూనుకు మారింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో రసాయన సంరక్షణశాల ఏర్పడి, ఎస్. పరమశివన్ విద్యుద్విశ్లేషణ పద్ధతితో, అంటే ద్రావణంలో ముంచిన లోహానికి విద్యుత్తు పంపి చిలుమును వదిలించే పద్ధతితో, దక్షిణాది కంచు విగ్రహాలకు చికిత్స చేశాడు. కోస్తా తెలుగు జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి, కోస్తాలో దొరికిన నిధుల్లోని నాణేలు చేరినదీ ఆ మ్యూజియానికే.

సీసానికి మాత్రం రాగి వైద్యం పనికిరాదు. సీసాన్ని తినేది ముఖ్యంగా ఉప్పు కాదు, ఆవిరి రూపంలో గాలిలో తిరిగే సేంద్రియ ఆమ్లాలు. అవి వచ్చేది చాలాసార్లు నాణేన్ని భద్రపరచిన చెక్క పెట్టె నుండే. ఐరోపాలో నాణేల కోసం ప్రత్యేకించి తయారుచేసిన సొరుగుల బీరువాలకు మహాగని కలపను శ్రేష్ఠంగా ఎంచేవారు. అందానికీ గట్టిదనానికీ పేరుపొందిన ఓక్ కలపలో దాచిన సీసపు వస్తువులు తెల్లగా పొడిబారిపోయేవి. ఓక్ నుండి వెలువడే ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, సీసంతో కలిసి లెడ్ ఎసిటేట్ అవుతుంది. దాన్ని గాలిలోని బొగ్గుపులుసు వాయువు సీసపు కార్బనేటుగా మార్చి ఆమ్లాన్ని తిరిగి విడిచిపెడుతుంది. చర్య మళ్ళీ మొదలవుతుంది. రంగుల తయారీదారులు శతాబ్దాల పాటు ఇదే చర్యను కావాలని జరిపించారు. గోడలకూ చిత్రాలకూ వాడిన తెల్ల రంగు, తెలుగు బజారులో సఫేదాగా పిలిచిన సీసపు తెలుపు, డచ్చి పద్ధతిలో తయారయేది ఇలాగే: మట్టి కుండల అడుగున వెనిగర్ పోసి, పైన సీసపు రేకులు చుట్టి పెట్టి, కుండలను గుర్రపు పేడలో పాతి కొన్ని నెలలు వదిలేస్తే, పేడ వెచ్చదనమూ దాని నుండి వెలువడే వాయువూ తోడై రేకులు తెల్లని పొడిగా మారేవి. ఓక్ బీరువాలో నాణేలు దాచినవారు తెలియకుండా రంగుల కార్ఖానా నడిపారన్నమాట. ఆ పొడిని వదిలించడానికి అమెరికన్ రసాయనవేత్త ఎర్ల్ కేలీ ఏథెన్స్ అగోరాలో దొరికిన సీసపు వస్తువుల మీద అభివృద్ధి చేసి 1955లో ప్రకటించిన పద్ధతి ప్రసిద్ధమైంది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బనేటును కరిగించి, తరువాత అమోనియం ఎసిటేట్‌తో మిగిలిన మలినాన్ని తొలగించడం దాని సారం. ఇది ప్రయోగశాలలో చేయవలసినదే గాని వంటింట్లో చేయదగినది కాదు.

చేతికి ముప్పు వచ్చేది ఈ తెల్లపొడి దగ్గరే. గట్టి సీసపు బిళ్ళను క్షణం సేపు పట్టుకొంటే జరిగే హాని స్వల్పం. సీసపు ఖనిజ సమ్మేళనాలు చర్మం గుండా ఒంట్లోకి ఇంకేది చాలా తక్కువ. పొడి వేళ్ళకంటి, గోళ్ళ సందుల్లో చేరి, ఆ చేత్తోనే అన్నం తిన్నప్పుడు నోటిలోకి పోవడం, దులిపినప్పుడు గాలిలో లేచి ఊపిరితో లోపలికి పోవడం అసలు ప్రమాదం. పిల్లల నాడీవ్యవస్థకు సీసం కొద్ది మోతాదులో కూడా చేటు చేస్తుంది. చేత్తో కలుపుకొని తినే సమాజంలో ఈ హెచ్చరికకు బరువు మరింత. బుద్ధఘోషుని వర్తకుడు నాలుకతో పరీక్షించిన నాణేలలో సీసపువి ఉండి ఉంటే, అతనికి తగిలిన రుచి తియ్యనే అయి ఉండవచ్చు. లెడ్ ఎసిటేట్‌కు సీసపు చక్కెర అన్న పేరు ఊరికే రాలేదు. ఇప్పటి ప్రయోగశాలల్లో సీసపు నాణేల దగ్గర తినడం, తాగడం నిషేధం. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. పొడిని కుంచెతో దులపకుండా తడిబట్టతో అద్ది తీస్తారు.

చేతొడుగుల విషయంలో కూడా అభిప్రాయాలు మారుతూ వచ్చాయి. తెల్లని నూలు తొడుగులు చాలాకాలం సంరక్షణకు చిహ్నంగా చెల్లాయి గాని, అవి చెమటను పీల్చి మళ్ళీ లోహానికే అందిస్తాయి, చిలుము అంచులకు నూలుపోగులు చిక్కుకొంటాయి, అన్నిటికంటె ముఖ్యంగా పట్టు జారుతుంది. సీసం వంటి మెత్తని లోహానికి బల్ల మీద పడే ఒక్క దెబ్బ చాలు. రబ్బరు తొడుగుల్లో గంధకం ఉంటుంది కాబట్టి వెండి నల్లబడుతుంది. అందుకే పౌడరు చల్లని నైట్రైల్ తొడుగులు, అంటే కృత్రిమ రబ్బరుతో చేసిన పలుచటి తొడుగులు, ఇప్పుడు ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి. బంగారు, వెండి నాణేలను శుభ్రంగా కడిగి ఆరబెట్టుకొన్న వట్టి చేతులతో పట్టుకోవడమే మేలనేవారూ ఉన్నారు, వారి వాదనలో పస లేకపోలేదు. సీసం విషయంలో మాత్రం ఆ వాదన చెల్లదు.

సామాన్య సేకర్తల ఇళ్ళలో ఓక్ స్థానాన్ని ప్లాస్టిక్ ఆక్రమించింది. బజారులో చవకగా దొరికే మెత్తని పి.వి.సి. జేబుల ఆల్బమ్‌లలో పెట్టిన నాణేలకు కొన్నేళ్ళలో ఆకుపచ్చని జిగురు అంటడానికి కారణం, ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన నూనె వంటి పదార్థం బయటికి ఊరడం, ప్లాస్టిక్ క్షీణించి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదలడం. పాలిస్టర్ పొరతో చేసిన జేబులు ఈ బెడద లేనివి. ఏ పెట్టె ఏ లోహానికి చేటో ముందుగానే తెలుసుకోవడానికి బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ప్రకటించిన పరీక్ష నేడు ప్రదర్శనశాలల్లో ప్రామాణికమైంది. పరీక్షించవలసిన చెక్కనో గుడ్డనో జిగురునో కొంచెం తీసుకొని, వెండి, రాగి, సీసం ముక్కలతో పాటు కొద్దిగా నీరున్న గాజుపాత్రలో మూసి, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 రోజులు ఉంచుతారు. వెండి నల్లబడితే గంధకం ఉన్నట్టు, రాగి రంగు మారితే క్లోరైడ్ల వంటి ఇతర మలినాలు ఉన్నట్టు, సీసం మీద తెల్లని పొర పట్టితే సేంద్రియ ఆమ్లాలు వెలువడుతున్నట్టు లెక్క.